తాను పట్టిన కుందేలు

మా మేనమామగారొకరు మారేడుపల్లిలో నివసించుచున్నారు. వయస్సు 70 దాటినది. రైల్వే లెక్కల శాఖలో ఉద్యోగజీవితమంతయు గడపి విశ్రాంతి పొందినవారు. పద్దులో ఒక్క రూపాయి తేడా కనిపించినను, అది ఏ పుటలో ఏ పంక్తియందు జొరబడినదో పట్టుకొనునంతవరకు ఆయనకు అన్నము సహించెడిది కాదట. అట్టి మనిషికి 18 సంవత్సరములుగా మధుమేహమున్నది. మూడు నెలలకొకమారు రక్తపరీక్ష చేయించుకొనవలెనని వైద్యుని ఆజ్ఞ. పరీక్ష సోమవారమనగా శుక్రవారమునుండియే మామయ్యగారి దినచర్య మారిపోవును. అన్నమునకు బదులు జొన్నరొట్టె, కాకరకాయ కూర. ప్రొద్దున్నే పెరేడు మైదానము చుట్టును నడక. సోమవారమునాడు ఫలితము చక్కగా వచ్చును. ఆ కాగితము మడచి చొక్కా జేబులో పెట్టుకొని నేరుగా మా ఇంటికి వత్తురు. "చూశావురా, నూట పది! నాకు చక్కెరేమిటి, డాక్టర్ల చాదస్తం కాకపోతే" అని దానిని మా ముందు పరచుదురు. మంగళవారము ఉదయమునకు ఇరానీ హోటలులో చిక్కని చాయ, రెండు ఉస్మానియా బిస్కత్తులు మరల తమ స్థానమునకు వచ్చును. మందుబిళ్ళ ఒక పూట మానినచో మునిగిపోయినదేమున్నదను ఆలోచనయు వాని వెంటనే వచ్చును. "నువ్వైనా చెప్పు నాయనా, నా మాట చెవిన వేసుకోరు" అని అత్తయ్యగారు మాతో అనుచుందురు.

ఇందులో మోసపోయినవారెవరు? వైద్యుడా? ఆయనకు ఇట్టివారు దినమునకు పదిమంది కనబడుచుందురు. అత్తయ్యగారా? వంటయిల్లు ఆమె చేతిలోనిది. ఆమెకు తెలియనిదేమియు లేదు. సాక్ష్యమును తయారు చేసినవారు మామయ్యగారే. ఆ సాక్ష్యమును చూచి నమ్మినవారును మామయ్యగారే. ఇతరుల తప్పుడు లెక్కలను వాసన పట్టి పట్టుకొనిన ఆ కన్నులే, తమ లెక్క వచ్చుసరికి రెప్ప వాల్చినవి. పిల్లి కన్నులు మూసుకొని పాలు త్రాగునని మన పెద్దలు చెప్పినారు. కాని పిల్లి తన్నెవ్వరు చూచుటలేదని మాత్రమే అనుకొనును. తాను త్రాగునవి పాలు కావని అనుకొనదు. ఆ పని మనుష్యుడొక్కడే చేయగలడు.

ఆత్మవంచన యనుమాటలోనే ఒక చిక్కున్నది. వంచించువానికి నిజము తెలిసియుండవలెను, వంచింపబడువానికి తెలియకుండవలెను. ఇద్దరు మనుష్యులున్నప్పుడు ఇది సుగమము. ఒక్కని యందే ఇది ఎట్లు పొసగును? ఫ్రాయిడు మహాశయుడు మనస్సును గదులుగా విభజించి, ఒక గదిలోనిది వేరొక గదికి తెలియదని సమాధానము చెప్పెను. తరువాతి మనశ్శాస్త్రజ్ఞులు ఇంత కట్టడము అవసరము లేదనిరి. వారు చూపిన మార్గము మిక్కిలి సామాన్యమైనది. మనకు ఇష్టమైన మాట వినబడినపుడు, "దీనిని నమ్మవచ్చునా?" యని మనస్సు అడుగును. నమ్ముటకు ఏ చిన్న ఆధారము దొరకినను చాలును. వెదకుట అంతటితో ఆగిపోవును. ఇష్టము లేని మాట వచ్చినపుడు ప్రశ్న మారును: "దీనిని నమ్మక తప్పదా?" అప్పుడు వంద ఆధారములున్నను, నూట యొకటవ దానిలో లోపమేమైన కలదేమోయని తరచి చూతుము. అబద్ధమాడవలసిన పని లేదు. ఎక్కడ వెదకవలెనో, ఎక్కడ వెదకుట మానవలెనో ఎంచుకొన్న చాలును.

మామయ్యగారి వంటి వారిని గూర్చి అమెరికాలో ఇద్దరు పండితులు, క్వాట్రోన్, ట్వెర్‌స్కీ యనువారు, ఒక ప్రయోగము చేసి 1984లో ప్రకటించిరి. కొందరు విద్యార్థులను మంచువలె చల్లని నీటిలో చేయి ముంచి, ఓర్చుకొనగలిగినంతసేపు ఉంచుమనిరి. తరువాత హృదయములు రెండు విధములనియు, ఒక విధమైనవి దీర్ఘాయుష్షునకు గుర్తు అనియు ఉపన్యసించిరి. వ్యాయామము చేసిన పిదప చలిని ఎక్కువసేపు ఓర్చుట మంచి హృదయమునకు చిహ్నమని కొందరితోను, తక్కువసేపు ఓర్చుట చిహ్నమని కొందరితోను చెప్పిరి. మరల చేయి ముంచుమనగా, ఎవరికి ఏది శుభచిహ్నమని చెప్పిరో వారిలో అధికసంఖ్యాకులు ఆ వైపునకే మొగ్గిరి. చేతిని నీటిలో ఎక్కువసేపు ఉంచినంత మాత్రమున హృదయము మారదు కదా! అయినను మొగ్గిరి. బుద్ధిపూర్వకముగా అట్లు చేసితిరా యని అడుగగా, లేదని చెప్పినవారే హెచ్చు. మూడు దినముల జొన్నరొట్టె వంటిదే ఇదియు. జ్వరము తగ్గుటకు బదులు జ్వరమానిని చన్నీటిలో ముంచుట.

మందబుద్ధులకే ఈ జాడ్యము అంటుకొనునని శ్రోతలు భావింపకుందురు గాక! బుద్ధి ఎంత పదునైనదో, తనకు తాను చెప్పుకొను కారణములును అంత పదునుగా నుండును. ఇందుకు మన జంటనగరములలోనే జరిగిన ఒక గొప్ప ఉదాహరణము కలదు. ఒక శతాబ్దికి పైగా గడచినను, ఆ కథ చెప్పుకొనదగినది.

శస్త్రచికిత్సకు క్లోరోఫారము మత్తుమందుగా పనికివచ్చునని ఎడింబరోలో సింప్సను 1847వ సంవత్సరము నవంబరులో కనుగొనెను. మూడు నెలలైనను గడవక ముందే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు ఆ మందు పీల్చి క్షణములలో మరణించెను. అటుపిమ్మట అక్కడక్కడ ఇట్టి మరణములు జరుగుచునే యుండెను. చావు దేనివలన? ఊపిరి ఆగుటవలననా, గుండె ఆగుటవలననా? గుండెయే ఆగవచ్చును గనుక నాడి చూచుచుండుడని లండను వారు. శ్వాస యొక్కటే చూచుచుండుడు, నాడి జోలికి పోవద్దని ఎడింబరో వారు. ఎడింబరో పక్షమునకు గురువు సైమ్ అను శస్త్రవైద్యుడు. ఆయన శిష్యుడైన ఎడ్వర్డు లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నుండి, వైద్య పాఠశాలకు పెద్దగా నుండెను. గొప్ప కార్యశూరుడు. వేలకొలది రోగులకు తన పర్యవేక్షణలో క్లోరోఫారము ఇప్పించినవాడు.

గురువుగారి మాట సత్యమని లారీ నమ్మెను. నమ్మి ఊరకుండలేదు, నిరూపింప బూనెను. 1888లో ఒక సంఘమును ఏర్పరచి కుక్కలపై ప్రయోగములు చేయించెను. ప్రతి కుక్కకును ముందు ఊపిరి ఆగినది, తరువాతనే గుండె ఆగినది. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక దీనిని సందేహించెను. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను వేయి పౌనులిచ్చి, మీ మనిషినే పంపి చూచుకొనుడని ఆహ్వానించెను. క్లోరోఫారమునకు గుండెను ఆపు శక్తి కలదని నమ్మియుండిన లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుడు 1889లో ఇచ్చటికి వచ్చెను. ఈసారి నాలుగు వందలకు పైగా జంతువులు: కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు, గుఱ్ఱములు కూడ. రక్తపు ఒత్తిడిని గీతలుగా గీయు యంత్రములు, ఆ గీతలకు ఛాయాచిత్రములు. ఫలితము మరల అదియే. బ్రంటన్ తన పూర్వాభిప్రాయమును విడిచి, ప్రమాదము ఊపిరి ఆగుటలోను, మోతాదు మించుటలోను కలదే గాని, గుండెకు నేరుగా ఏమియు లేదని లండనుకు తంతి పంపెను. ఆ విజయము నగరమునందెంతటి సంరంభము కలిగించియుండునో మనము ఊహింపవచ్చును.

ఇందు ఎవ్వరును అబద్ధమాడలేదు. అంకెలు దిద్దలేదు. కుక్కలు నిజముగా అట్లే చనిపోయినవి. అయినను తీర్పు తప్పు.

తప్పు ఎక్కడనున్నది? కుక్కకు క్లోరోఫారము దండిగా పట్టించినచో మొదట ఊపిరి ఆగును; అది నిజమే. కాని బల్లమీద చనిపోయిన మనుష్యులలో అనేకులు దండిగా పీల్చి చనిపోయినవారు కారు. పీల్చుటకు మొదలిడిన కొలది నిమిషములలో, మత్తు ఇంకను పూర్తిగా ఎక్కక మునుపు, భయముతో పెనగులాడుచు, హఠాత్తుగా చనిపోయినవారు. లారీ ప్రయోగశాలలో ఆ స్థితిని కల్పించి చూచు యత్నమే ప్రధానముగా లేదు. తన ప్రశ్నను ఏ విధముగా అడిగినచో తనకు కావలసిన జవాబు వచ్చునో ఆ విధముగానే, తనకు తెలియకుండ, వందలసారులు అడిగెను. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు 1893లో ఆ హైదరాబాదు గీతలనే విమర్శించి, రక్తపు ఒత్తిడి పడిపోవుటకు గుండె బలహీనపడుటయే కారణమని వాదించిరి. లారీ చలింపలేదు. ఎచ్చటనైన రోగి మరణించెనని వార్త వచ్చినచో, ఆ వైద్యుడు శ్వాసను సరిగా గమనింపలేదనుట ఆయన సమాధానము. ఈ సమాధానమునకు ఎదురులేదు. రోగి బ్రతికినచో సిద్ధాంతము గెలిచినది. చనిపోయినచో వైద్యుడు ఓడినాడు. 1901లో ప్రకటించిన గ్రంథములోను ఆయన అదే మాటపై నిలిచెను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

పదేండ్లకు, 1911లో, గుడ్‌మన్ లెవీ అను ఆంగ్ల వైద్యుడు పిల్లులకు క్లోరోఫారము స్వల్పముగా నిచ్చి, వాని రక్తములో భయోద్రేకములందు పుట్టెడి అడ్రినలిను చేర్చి చూచెను. గుండె గదులు క్రమము తప్పి వణకి, క్షణములో నిలిచిపోయినవి. మత్తు గాఢముగా నున్నపుడు ఈ ప్రమాదము తక్కువ. పలుచగా నున్నపుడే ఎక్కువ. లారీ ప్రయోగములు చూడని చోటనే మృత్యువు కూర్చుండియున్నది. ఈ నడుమ సంవత్సరములలో, నాడి చూడనక్కరలేదను మాట నమ్మి ఎందరు వైద్యులు ఎందరి ముఖములపై ఆ గుడ్డను పరచిరో! లారీ చెడ్డవాడైయుండినచో ఈ కథ మనకు పనికివచ్చెడిది కాదు. నిజాయతీయు, శ్రమయు, వేలకొలది రోగుల అనుభవమును కలవాడగుటచేతనే పనికివచ్చుచున్నది.

ఈ లక్షణము మన అందరిలోను కలదో లేదో ఇంటిలోనే చూచుకొనవచ్చును. పీటర్ వేసన్ అను ఆంగ్ల మనశ్శాస్త్రజ్ఞుడు 1960లో ప్రకటించిన చిన్న ఆట ఇది. "రెండు, నాలుగు, ఆరు - ఈ మూడు అంకెలు ఒక నియమమును పాటించుచున్నవి. మీరు మరికొన్ని మూడేసి అంకెలు చెప్పుడు. నియమమునకు సరిపోవునో లేదో చెప్పెదను. నియమమేమో కనుగొనుడు" అని పిల్లలతో అనుడు. ఎనిమిది, పది, పండ్రెండు అందురు. సరియే. ఇరువది, ఇరువదిరెండు, ఇరువదినాలుగు. సరియే. "రెండేసి పెరుగు అంకెలు" అని ధైర్యముగా చెప్పుదురు. కాదు. నియమము "ఒకదానికంటె ఒకటి పెద్దది" అనునంతమాత్రమే. ఒకటి, రెండు, మూడు అని అడిగియుండినచో తమ ఊహ కూలిపోయెడిది. తమ ఊహను కూల్చు ప్రశ్న అడుగవలెనని తోచువారు అరుదు. పెద్దలును అంతే. మేము ఈ ఆటను మొదట విన్నపుడు ఎన్ని "సరియే"లు సంపాదించి ఓడితిమో చెప్పకుండుటే మేలు.

ఇక లారీ కాలముననే, ఆయన రెసిడెన్సీకి కొన్ని మైళ్ళ దూరములో, సికింద్రాబాదు దండు వైపున, వేరొక వైద్యుడు వేరొక విధముగా తంటాలు పడుచుండెను. బేగంపేటలో ఆయన పేర నిలిచిన భవనము పాత విమానాశ్రయమునకు సమీపముననే యున్నది. ఆయన రోనాల్డ్ రాస్.

రాస్ అనగానే మనకు 1897 ఆగస్టు 20వ తేదీ జ్ఞాపకము వచ్చును. అంతకు ముందటి రాస్‌ను మనము మరచెదము. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే మలేరియా క్రిమిని రక్తములో చూచెను. రాస్ ఎన్నిసారులు సూక్ష్మదర్శినిలో చూచినను ఆయనకది కనబడలేదు. కనబడకపోగా, అట్టిది లేనే లేదనియు, మలేరియా ప్రేవులలోని విషమువలన పుట్టుననియు వ్యాసములు వ్రాసి ప్రకటించెను. ఒకమారు అచ్చులో పడిన అభిప్రాయమును విడుచుట ఎంత కష్టమో వ్రాయువారందరికి తెలియును. 1894లో సెలవుపై లండనుకు పోయినపుడు పాట్రిక్ మాన్సన్ ఆయనను కూర్చుండబెట్టి ఆ క్రిమిని చూపించెను. రాస్ చూచెను, తన వ్యాసములను విడిచెను.

1895లో సికింద్రాబాదునకు వచ్చునపుడు ఆయన మెదడులో మరియొక నమ్మకము కూర్చుండెను. అది గురువగు మాన్సన్ ఇచ్చినది. దోమ మనుష్యుని రక్తము పీల్చి, నీటిలో చచ్చి పడును. ఆ నీరు త్రాగినవానికి మలేరియా వచ్చునని మాన్సన్ ఊహ. రాస్ అట్టి నీటిని ఒక డోలీ బోయీ చేత, అతని ఒప్పుదలతో, త్రాగించెను. కొలది దినములకు అతనికి జ్వరము తగిలెను! రాస్ ఉప్పొంగెను. మామయ్యగారి చేతిలోని నూట పది కాగితము వంటిది ఆ జ్వరము. అచ్చటనే ఆగియుండవచ్చును. లారీవలె ఆ యొక్క ఫలితమునకు కోట గట్టియుండవచ్చును. కాని రాస్ ఆ మనిషి రక్తములో క్రిమికై వెదకెను, దొరకలేదు. మరికొందరిపై అదే ప్రయోగము చేసెను, ఫలితము నిలువలేదు. గురువుపై ఎంత గౌరవమున్నను ఆ త్రోవను నెమ్మదిగా విడువవలసివచ్చెను.

తరువాత రెండు సంవత్సరములు వ్యర్థముగా పోయినట్లే కనబడినవి. బూడిదరంగు దోమలు, చారల దోమలు, ఎన్నింటినో కోసి చూచెను, ఏమియు లేదు. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు కొన్ని చేతికి చిక్కెను. హుసేన్ ఖాను అను రోగిని కుట్టించుకొనుటకు ఒప్పించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చెను. ఉక్కపోతలో పంకా వేయించుకొనినచో దోమలు ఎగిరిపోవును. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. 20వ తేదీన ఒక దోమ కడుపుగోడలో, మలేరియా క్రిమికి చెందిన నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడెను. ఇక్కడ ఆయన ఏమి చేసెనో గమనింపుడు. కనబడినది నిజముగా క్రిమియే అయినచో, అది పెరుగవలెను. మరునాడు మిగిలిన దోమను కోసినపుడు కణములు అంతకంటె పెద్దవిగా లేనిచో ఊహ చెడినట్లే. 21వ తేదీన కోసెను. పెరిగియున్నవి.

రాస్‌ను ఋషిగా నిలుపుట మా ఉద్దేశము కాదు. 1902లో నోబెల్ బహుమానము వచ్చిన తరువాత కూడ, ఇటలీలో ఆ రంగమున కృషి చేసిన గ్రస్సీకి ఏ పాటి గౌరవమును దక్కనీయరాదని ఆయన చేసిన కలహము చూచినచో, దోమ విషయములో తెరచిన కన్ను కీర్తి విషయములో మూసికొనినదని తోచును. లారీకిని రాస్‌కును భేదము మనుష్యునిలో లేదేమో. ఆ దినమున అడిగిన ప్రశ్నలో ఉన్నది. ఒకరు "అవును" అను జవాబుకై జంతువులను పెంచుకొనుచు పోయిరి. ఇంకొకరు "కాదు" అని చెప్పు అవకాశమును ఒక్క దోమకిచ్చిరి.

డార్విను ఒక అలవాటు చేసికొనెనట. తన సిద్ధాంతమునకు విరుద్ధమైన సంగతి ఏది కనబడినను వెంటనే కాగితముపై వ్రాసికొనెడివాడు. అనుకూలమైనవాని కంటె అట్టివి త్వరగా మరపునకు వచ్చునని ఆయన గమనించియుండెను. తన జ్ఞాపకశక్తిని దొంగవలె చూచిన మహానుభావుడు!

ఆ మాట చదివి మేమొక పని చేసితిమి. ప్రసంగములకు శ్రోతలు వ్రాసిన జాబులు మా బల్ల సొరుగులో నుండును. సగటున ప్రశంసలే వచ్చుచున్నవని మా గట్టి నమ్మకము. సహోద్యోగులతో అట్లే చెప్పుచుంటిమి. ఒక ఆదివారము వానిని బయటికి తీసి లెక్కించితిమి. ప్రశంసలే హెచ్చు, నిజమే. తరువాత కార్యాలయపు ఆవకల పుస్తకము తెప్పించి చూడగా, మా పేర వచ్చిన జాబులు సొరుగులోని వానికి ఇంచుమించు రెట్టింపు ఉన్నవి. మిగిలినవి ఏమైనవి? ఎవ్వరును దొంగిలించలేదు. "ఈయన చదువునది తనకోసమా, మా కోసమా?" అని ఒకరు వ్రాసిన జాబు మాకు లీలగా జ్ఞప్తికి వచ్చినది. అది ఏదో అసూయతో వ్రాసినదని అప్పుడు నిశ్చయించి, ఎక్కడనో పెట్టితిమి. ఎక్కడనో ఇప్పటికిని దొరకలేదు. వ్రాసిన శ్రోత ఇది వినుచున్నచో, ఆ జాబు మరల వ్రాయవలెనని ప్రార్థన.

అన్ని ఆత్మవంచనలను వేటాడవలెనని మేము అనుటలేదు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఆ ముద్దు లేనిచో ఏ బిడ్డయు పెరుగదు. కఠినమైన జబ్బుతో నున్నవాడు "రేపు లేచి తిరిగెదను" అనుకొనినచో వానిని సరిదిద్దువాడు వివేకి కాడు. కాని మామయ్యగారి జేబులోని కాగితము ఆ జాతికి చెందినది కాదు. దాని వెనుక కన్ను, మూత్రపిండము, కాలివ్రేళ్ళు ఉన్నవి.

గత మాసమున వైద్యుడు వేరొక పరీక్ష చేయించెను. హెచ్‌బీఏవన్‌సీ అందురు. రక్తములోని చక్కెర ఎఱ్ఱకణములలోని హీమోగ్లోబినునకు అంటుకొనును. ఎఱ్ఱకణము ఆయువు సుమారు 120 దినములు. కావున ఆ పరీక్ష మూడు దినముల సంగతి కాక, గడచిన రెండు మూడు నెలల సంగతి చెప్పును. ఫలితము 9కి పైన వచ్చెను. ఏడు లోపల నుండుట మేలని వైద్యుడు చెప్పియుండెను. మొదట యంత్రము చెడినదనిరి. తరువాత రక్తము మారిపోయినదనిరి. వేరొక చోట చేయించినను అదియే వచ్చెను. ఆ సాయంకాలము కాగితమును చాలసేపు చూచి, మామయ్యగారు మెల్లగా అనిరి: "అంటే, ఇది ఒక్కనాటి నగదు కాదన్నమాట. మూడు నెలల నిల్వ."

మరునాడు జనరల్ బజారునుండి ఒక లెక్కల పుస్తకము కొనితెచ్చి, ఎఱ్ఱ సిరాతో నిలువు గీతలు గీసి, తిన్నది త్రాగినది అంతయు వ్రాయుట ఆరంభించిరి. చూడముచ్చటయైన చేవ్రాలు. వారము దినముల తరువాత మేము పోయినపుడు ఆ పుస్తకమును మాకు చూపించిరి. ఉదయపు పద్దులో "చాయ - అర కప్పు" అని యున్నది.

అత్తయ్యగారు మా వెనుకనుండి తొంగిచూచి, "నేను పోసింది నిండు కప్పే నాయనా" అనిరి.